వానకు లేవని ఆటగాడు

కల్లూరు షేర్ ఆటోలో ఆరుగురు ఎక్కారు, ఐదుగురే దిగారు.

ఆరో మనిషి వెనక సీటు మూలకు తల ఆనించి అలాగే కూర్చున్నాడు. ఉదయం ఎనిమిదింబావు. డ్రైవరు రెండుసార్లు పిలిచి, మూడోసారి భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. చెవి కింద సూది గుచ్చిన ఎర్రటి చుక్క ఒక్కటే ఉంది. పేరు చిన్న ఈరన్న. ఊరందరికీ ఇన్సూరెన్స్ ఏజెంటు. అసలు ఉద్యోగం ఢిల్లీలో బోర్డు కూడా లేని ఒక గూఢచారి విభాగంలో. మరునాడు పేపర్లో గుండెపోటు అని నాలుగు లైన్లు వచ్చాయి. ఆ నాలుగు లైన్లు రాయించింది కూడా ఆ విభాగమే. బతికున్నన్నాళ్ళు పేరు దాచి, చచ్చాక చావు దాచే ఉద్యోగం అది.

ఈరన్న పోయిన సాయంత్రమే ఆ విభాగం మనిషి మహాదేవి కర్నూలులో దిగింది. కల్లూరులో యేసుప్రసాద్ నడిపే జిరాక్స్ షాపుకు వెళ్ళి ఒక ఆధార్ కార్డు అతని ముందు పెట్టింది.

"రెండు కాపీలు. రెండో వైపు ఖాళీగా ఉండాల."

అది కోడ్. యేసుప్రసాద్ షట్టరు సగం దించాడు. ముప్పై ఏళ్ళవాడు, విభాగానికి జిల్లాలో మిగిలిన ఒకే ఒక్క చెయ్యి. ఈరన్నతో కలిసి నాలుగేళ్ళు పనిచేశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి ఉండవచ్చు. ఏడ్చినట్టు కనిపించడం కూడా ఈ ఉద్యోగంలో నేర్పిస్తారు. మహాదేవి ఆ రెండూ గుర్తుపెట్టుకుంది.

"ఈరన్న ఆ ఆటో ఎక్కుతాడని ఎవరికి తెలుసు?"

"నాకు. శివజ్యోతికి."

"అయితే మీ ఇద్దరిలో ఒకరు."

"అక్కా, నన్ను కూడానా?"

"నిన్ను కూడా. చెప్పు."

అతను చెప్పాడు. తొమ్మిది మంది పేర్లు, ఫొటోలు ఉన్న జాబితా ఒకటి విభాగం నుంచి బయటికి పోయింది. తొమ్మిది మందీ వేరే దేశాల్లో వేరే పేర్లతో బతుకుతున్న మనవాళ్ళు. జాబితా గోరంత మెమరీ కార్డులో ఉంది. కొనేది కార్ల్ అనే విదేశీయుడు. గ్రానైటు కొనడానికి వచ్చానంటాడు. నడుమ అహోబిలం కూడా పోయి ఫొటోలు దిగొచ్చాడు. కార్డు మోసుకొచ్చే కొరియర్ ఎవరో తెలియదు. చేతులు మారేది ఎల్లుండి, రాయచోటి దాటాక మామిడి తోటలో ఉన్న బసవరాజ్ ఫాంహౌస్‌లో. బసవరాజ్ వజ్రాల బ్రోకరు. తొలకరి పడగానే తుగ్గలి చేలల్లో జనం వంగి రాళ్ళు ఏరుతుంటే, దొరికిన రాయిని చాక్లెట్ ధరకు కొనే జాతి. ఎల్లుండి అతని ఇంట్లో పోకర్ టోర్నమెంట్. పద్దెనిమిది మంది, రెండు టేబుళ్ళు. ఆడడం నేరమే. అక్కడి పోలీసులకు ఆ సంగతి తెలియకుండా ఉండడానికి నెలనెలా జీతం ముడుతుంది.

పోకర్ ఆడేవాళ్ళు తమ ముక్కల మీద ఏదో ఒక చిన్న వస్తువు బరువుగా పెట్టుకుంటారు. దాన్ని గార్డు అంటారు. బసవరాజ్ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎవరి చేతిలో ఓడి ఆటనుంచి బయటికి పోతే, గార్డును వాళ్ళ చేతిలో పెట్టి పోవాలి. మెమరీ కార్డు ఒకరి గార్డులో ఉంది. తొమ్మిది మంది మిగిలి రెండు టేబుళ్ళు ఒకటయ్యాక, ఫైనల్ టేబుల్ మీద, కొరియర్ కావాలని కార్ల్‌కు ఓడిపోతాడు. అందరి కళ్ళముందే గార్డు ఇచ్చేస్తాడు. ముందూ వెనకా ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోనక్కర్లేదు.

"ఇదంతా ఎవరు చెప్పినారు?"

"శివజ్యోతి. ఆడ డీలర్ ఆమే. రెండేళ్ళుగా మనకు పనిచేస్తాండాది."

"ఆర్డరు?"

"ఫైనల్ టేబుల్ దాకా మిగలాలంట. అందాక రిస్కు తీసుకోవద్దంట. గార్డు కార్ల్‌కు ఇస్తానే నువ్వు ఉప్పు లేని మజ్జిగ అడగల్ల. వంటింట్లో మజ్జిగ పోసేటోడు నేనే. నేను పంపుమోటరు స్విచ్చి వేస్తే గేటు కాడ మనోళ్ళకు తెలుస్తాది."

"గేటు నుంచి హాలు దాకా ఎంత సేపు?"

"నలభై సెకన్లు."

"కార్ల్ దగ్గర పంపే మిషన్ ఉందా?"

"ఉండాది. శాటిలైట్‌ది. ఇంట్లో జామర్ పెట్టినారు కానీ అది దాన్ని ఆపలేదు. ముప్పై సెకన్లు చాలంట."

మహాదేవి నవ్వలేదు. "నలభైలో ముప్పై తీసేస్తే పది సెకన్లు. ఆ పది సెకన్లలో మనోళ్ళు తొమ్మిది మంది చస్తారు. ఏ ఏసీ గదిలో వేసినారు ఈ ప్లాను?"

జాబితాలో మూడో పేరు వీరభద్ర. వాడిది పత్తికొండ పక్కన, మహాదేవి ఊరికి ఆనుకుని ఉన్న పల్లె. గొర్రెలు కాసుకునే కుర్రవాణ్ణి, నాలుగు భాషలు ఇట్టే పట్టేస్తాడని చూసి, ఈ పనిలోకి లాగింది మహాదేవే. ఇప్పుడు ఏదో ఓడరేవు పట్టణంలో వంటవాడుగా ఉన్నాడు. అతని తల్లి గిడ్డమ్మ, మహాదేవి ఊరికి పోయినప్పుడల్లా చేయి పట్టుకుని ఒకటే అడుగుతుంది. "వాడు అన్నం తింటాండాడామ్మా?" కొడుకు దుబాయిలో డ్రైవరని ఆమె నమ్మకం. వచ్చేసారి ఆమె అడిగితే ఏం చెప్పాలి?

*

టోర్నమెంట్ రోజున మహాదేవి పేరు రామేశ్వరమ్మ. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు, మెడలో రెండు వరసలు, మొగుడి మాట లెక్కచేయని మనిషి. విభాగం వాళ్ళు వేలికి ఒక ఉంగరం ఇచ్చారు. మెమరీ కార్డు జానెడు దూరంలో ఉంటే ఎర్రరాయి వెలుగుతుందన్నారు. హాలులో అడుగుపెట్టగానే వెలిగింది. జామర్ దెబ్బకు కుర్చీ దగ్గరా వెలిగింది, పూలకుండీ దగ్గరా వెలిగింది. సర్కారు వస్తువు కదా. తీసి సంచిలో పడేసింది.

బయట మామిడి చెట్లకు నీళ్ళు లేక ఆకు ముడుచుకుంది. లోపల స్విమ్మింగ్ పూల్ నిండుగా ఉంది. మహాదేవికి కడుపు మండింది. ఆ మంటను నవ్వుగా మార్చి అందరికీ నమస్కారం పెట్టింది.

ఉదయం పదికి ఆట మొదలైంది. ఒక్కొక్కరికి ఇరవైవేల చిప్పులు. రెండు ముక్కలు చేతికి, ఐదు ముక్కలు అందరికీ కలిపి టేబుల్ మీద. మంచి జత ఎవరికి కుదిరితే వాళ్ళది ఆట. ప్రతి ఆటకూ ఇద్దరు, ముక్కలు చూడకముందే, తప్పనిసరి పందెం కట్టాలి. అరగంటకొకసారి ఆ పందెం పెరుగుతుంది. చిప్పులు అయిపోతే లేచి పోవడమే, మళ్ళీ కొనడం లేదు. కార్ల్ రెండో టేబుల్‌లో పడ్డాడు. తెల్లటి లినెన్ చొక్కా, ఎవరివైపూ చూడని నీలికళ్ళు. మహాదేవి మొదటి టేబుల్.

ఆ టేబుల్‌కు ముక్కలు పంచేది శివజ్యోతి. ఆకుపచ్చ పట్టుచీర, మెడదాకా కత్తిరించిన జుట్టు, ముక్క విసిరితే గాలిలో చిన్న చప్పుడు చేసే వేళ్ళు. టేబుల్‌లోని మగవాళ్ళంతా ముక్కలకంటే ఆ వేళ్ళనే ఎక్కువ చూశారు. ఆమె మహాదేవిని గుర్తుపట్టినట్టు కనుబొమ్మ కూడా కదపలేదు. అంత బాగా నటించేవాళ్ళు ఎవరి కోసం నటిస్తున్నారో ఎలా తెలుస్తుంది?

మహాదేవి ముక్కలు తక్కువగా, మనుషులను ఎక్కువగా చూసింది. లెక్క తేలికే. గెలవడానికి వచ్చినవాడు ఒకలా ఆడతాడు. చివరిదాకా మిగలడమే పనిగా వచ్చినవాడు వేరేలా ఆడతాడు. కొరియర్ గెలవనక్కర్లేదు, ఫైనల్ టేబుల్‌కు బతికి చేరితే చాలు. అలాంటివాడు మంచి ముక్కలు వచ్చినా పారేస్తాడు, ఎవరైనా గట్టిగా పందెం కాస్తే తప్పుకుంటాడు. గంటలో అలా ఆడేవాళ్ళు ఇద్దరు తేలారు.

ఒకరు గాబ్రియేలు. అరవై దాటిన రిటైర్డ్ కాంట్రాక్టరు. కోయిలకుంట్ల దగ్గర పదెకరాల చేను. గార్డు పాతకాలపు ఇత్తడి బిళ్ళ. ఇంకొకరు రంగస్వామి. నలభై ఏళ్ళు, తెల్లపంచె, తుగ్గలి దగ్గర అరవై ఎకరాల బుడ్డల సేద్యమని చెప్పుకున్నాడు. వేరుశనక్కాయను ఆ వైపు బుడ్డలనే అంటారు, ఆ మాట తప్పులేకుండానే పలికాడు. గార్డు గాజులా మెరిసే నిమ్మకాయంత రాయి. తన చేలో దొరికిందని, వజ్రమనుకుని బ్రోకర్ల చుట్టూ తిరిగితే అందరూ నవ్వారని చెప్పి తనే ముందుగా నవ్వాడు. మహాదేవి తన ముక్కల మీద పెట్టుకున్నది ఒక్క వేరుశనగ విత్తనం.

ఇంకో సంగతి కూడా ఆమెకు అప్పుడే తట్టింది. ఆర్డరు ప్రకారం తను ఆడుతున్నదీ ఇదే తీరు. తను వాళ్ళను పట్టినట్టే, బసవరాజ్ కూడా తనను పట్టవచ్చు. అతను సోఫాలో కూర్చుని ఇటే చూస్తున్నాడు. రిస్కు తీసుకోకు అని చెప్పిన ఆర్డరే తన ముఖాన చీటీ అంటించింది. ఆ ఆర్డరు నిజంగా ఢిల్లీదేనా, యేసుప్రసాద్‌దా?

మొదటి విరామంలో శివజ్యోతి వాష్‌బేసిన్ దగ్గర చేతులు కడుక్కుంటూ పెదవులు కదపకుండా చెప్పింది. "గాబ్రియేలు. ఇత్తడి బిళ్ళ. ఇప్పుడు ముట్టుకోవద్దు, ఫైనల్ టేబుల్ దాకా ఆగు."

నిన్నటిదాకా తెలియని పేరు ఇవాళ పొద్దున ఎక్కడినుంచి ఊడిపడింది? మహాదేవి టవల్‌తో చేతులు తుడుచుకుని వచ్చేసింది.

*

పదకొండున్నరకు వాన పడింది.

ముందు దుమ్ము వాసన, తర్వాత రేకుల మీద చప్పుడు. జూన్ రెండో వారం. ఆ ఏడు మొదటి వాన. హాలులో ఏం జరిగిందో కార్ల్‌కు అర్థం కాలేదు. లక్షల పందెం ముందు పెట్టుకున్న మనుషులు ముక్కలు బోర్లించి కుర్చీలు నెట్టేసి వరండాలోకి పరుగెత్తారు. మిల్లులున్నవాడూ లేచాడు, బస్సులున్నవాడూ లేచాడు. ఈ సీమలో ఎంత సంపాదించినవాడికైనా ఎక్కడో నాలుగెకరాల మెట్ట ఉంటుంది, ఆ మెట్ట ఆకాశం వైపే చూస్తుంటుంది.

గాబ్రియేలు చొక్కా తడుస్తున్నా ముందుకు వంగి ఉత్తరం వైపు మబ్బు చూశాడు. "మా వైపు కూడా పట్టినట్టే ఉండాది. ఏమప్పా బసవరాజూ, ఫోన్లు ఇయ్యి. సేద్యగానికి ఒక మాట చెప్పల్ల, తొందరపడి విత్తనం ఏసేస్తాడు."

ఫోన్లు వాచ్‌మన్ బుట్టలో ఉన్నాయి. ఇవ్వనంటే పదిమంది తన్నేలా ఉన్నారు. బసవరాజ్ పది నిమిషాలు ఆట ఆపించి బుట్ట తెప్పించాడు. వాళ్ళంతా గొడుగులు పట్టుకుని గేటు దగ్గరికి పోయి, ఎన్ని పదున్ల వాన పడింది, అంటే విత్తడానికి సరిపడా తడి ఎంత లోతు దిగింది అని అరుచుకుంటూ మాట్లాడారు.

మహాదేవి వెనక్కు తిరిగి చూసింది. హాలులో కూర్చున్నవాళ్ళు ముగ్గురే. కార్ల్. శివజ్యోతి. రంగస్వామి. అరవై ఎకరాల బుడ్డల రైతు చిప్పులు దొంతులుగా పేర్చుకుంటున్నాడు.

ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. "ఫోన్ చేయలేదా అన్నా? విత్తనాల టైము కదా."

"మావోళ్ళు చూసుకుంటారులే. పొద్దున తుగ్గలిలో శానా వాన పడిందంట. రేపు ఏసేస్తారు."

"ఎన్ని పదున్లు?"

రంగస్వామి చేతిలోని చిప్పు ఒక్క క్షణం ఆగింది. "సరిపోయినంత," అన్నాడు.

మహాదేవికి నాన్న చేయి గుర్తొచ్చింది. వాన వెలిసిన చేలో మణికట్టు దాకా మట్టిలోకి దించి, పిడికెడు తీసి పిసికేవాడు. ఉండ కట్టి నిలబడితే పదును. అంటే పైనుంచి దిగిన తడి, కింద దాగున్న తడి కలుసుకున్నట్టు. ఒక ఏడు ఆయన మొదటి వానకే తొందరపడి వేశాడు. మొలక పైకొచ్చి పదో రోజుకు మాడిపోయింది. తర్వాత ఏడు భయపడి ఆగాడు, ఆగి ఆగి అదును దాటిపోయింది. రెండేళ్ళూ ఇంట్లో జొన్న సంకటి కూడా కరువే. ఎప్పుడు వేయాలి అన్నదే సేద్యంలో అసలు పందెం, మిగతాదంతా ఒళ్ళు హూనం చేసుకోవడం. మొదటి వానకు ఎందుకు వేయకూడదో, పదును లెక్క ఏమిటో తెలియని బుడ్డల రైతు ఈ భూమ్మీద లేడు.

పొద్దున రంగస్వామి భయం భయంగా ఆడడం పైతడి. అది చూసి దూకి ఉంటే గాబ్రియేలు మీద దూకినా దూకేది. ఇప్పుడు కింది తడి తగిలింది. ఇక ఆగకూడదు.

ఆలోచన చకచకా నడిచింది. ఫైనల్ టేబుల్‌కు పోతే కార్ల్, రంగస్వామి ఎదురెదురుగా ఉంటారు, పది సెకన్లు తేడా కొడుతుంది. రెండు టేబుళ్ళు కలవకముందే రంగస్వామిని తనే బయటికి పంపాలి. పంపాలంటే అతనికంటే తన దగ్గర ఎక్కువ చిప్పులుండాలి, లేకపోతే ఓడించినా అతని దగ్గర కొన్ని మిగులుతాయి. ఎక్కువ రావాలంటే ఇప్పుడే, పందేలు చిన్నగా ఉన్నప్పుడే, తెగించాలి. తెగింపు తప్పితే తను రోడ్డు మీద. తొమ్మిది మంది నేల కింద.

*

మూడో ఆటకు అవకాశం వచ్చింది. రంగస్వామి పొద్దుటినుంచి మొదటిసారి తనంతట తనే పందెం పెంచాడు, వెయ్యి చిప్పులు. అంటే ముక్కలు బాగా ఉన్నాయి. మహాదేవి తన ముక్కల అంచు ఎత్తి చూసింది. ఎనిమిది, ఐదు. రంగు కూడా కలవలేదు. చెత్త.

ఆమె విత్తనాన్ని పక్కకు జరిపి రెండు చేతులతో చిప్పులన్నీ ముందుకు తోసింది.

"ఆల్-ఇన్."

శివజ్యోతి వేళ్ళు ముక్కల కట్ట మీద ఆగాయి. ఆమె కళ్ళలో కనబడింది కోపం. మహాదేవికి అది చాలు. తనవాళ్ళ మనిషికి భయం వేయాలి, కోపం కాదు.

రంగస్వామి నుదుట చెమట పట్టింది. పిలిస్తే, అంటే తనూ అంత పందెం కాస్తే, గెలిస్తే చిప్పులు రెండింతలు. ఓడితే ఆట పన్నెండు గంటలకే సరి, రాయి ఎవరో మిల్లు యజమానురాలి చేతికి పోతుంది. అతని చూపు ఒక్కసారి రెండో టేబుల్ వైపు పోయి వెనక్కు వచ్చింది. వీరభద్ర ఇప్పుడు ఎక్కడో ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాడు. ఎనిమిది, ఐదు మీద తన బతుకుందని వాడికి తెలియదు.

రంగస్వామి ముక్కలు విసిరేశాడు. ఆ తొందరలో రెండూ వెల్లకిలా పడ్డాయి. రెండూ రాణులే.

గాబ్రియేలు నోరు తెరిచాడు. "జత రాణులను పారేసినావా? ఏమప్పా, ఈడికి పేకాటకొచ్చినావా, పెండ్లి చూపులకొచ్చినావా?"

టేబులంతా నవ్వింది. రంగస్వామి కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా. సోఫాలో బసవరాజ్ వెనక్కు వాలాడు. ఈ మిల్లు మనిషి తిక్కది, పోలీసు కాదు అన్న నిర్ధారణ అతని ముఖంలో కనిపించింది.

ఆ తర్వాత రెండు గంటలు ఆమె అతన్ని గాలి పీల్చుకోనివ్వలేదు. రంగస్వామి తప్పనిసరి పందెం కట్టిన ప్రతిసారీ ఆమె పెంచింది, ప్రతిసారీ అతను తప్పుకున్నాడు. చావకూడదని వచ్చినవాణ్ణి చంపక్కర్లేదు, బెదిరిస్తూ ఉంటే చాలు, చెదలు తిన్నట్టు లోపలే కరిగిపోతాడు. మధ్యాహ్నం రెండింటికి అతని దగ్గర ఏడువేలు మిగిలాయి, ఆమె దగ్గర యాభైవేలు. ఇక తను ఓడినా మిగులుతుంది. అతను ఒక్కసారి ఓడితే పోతాడు. పొద్దున ఎనిమిది-ఐదుతో కొనుక్కున్నది ఈ తేడానే.

అయినా ముక్కలకు ఎవరి బాధా పట్టదు. రెండున్నరకు రంగస్వామి తెగించి అన్నీ తోశాడు, మహాదేవి పిలిచింది, అతనికి జత పదులు నిలబడ్డాయి. పద్నాలుగువేలు అయ్యాయి. శివజ్యోతి చిప్పులు అతని వైపు జరుపుతూ తలెత్తకుండా నవ్వుకుంది. మహాదేవి నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది.

*

నాలుగు గంటలకు పదిమంది మిగిలారు. రెండు టేబుళ్ళలో ఐదేసి మంది. ఇంకొక్కరు పోతే టేబుళ్ళు కలుస్తాయి. రంగస్వామి దగ్గర రెండువేల ఐదువందలు, తర్వాతి ఆటకు అతను కట్టాల్సిన తప్పనిసరి పందెం మూడువేలు. అంటే తర్వాతి ఆటలో ముక్కలు చూడకుండానే అతని బతుకంతా టేబుల్ మీద పడుతుంది.

రెండో టేబుల్‌లో ఒక బస్సుల ఓనరు కార్ల్ పందేనికి ఆల్-ఇన్ పిలవాలా వద్దా అని తల పట్టుకుని కూర్చున్నాడు. అతను ఓడితే టేబుళ్ళు కలిసిపోతాయి. రంగస్వామికి అది తెలుసు. చేతిలో పారేయాల్సిన ముక్కలు పట్టుకుని, ఆలోచిస్తున్నట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"క్లాక్," అంది మహాదేవి.

అది ఆటగాళ్ళ హక్కు. ఎవరైనా సాగదీస్తే క్లాక్ అడగవచ్చు. డీలర్ అరవై లెక్కపెట్టాలి, అప్పటికీ తేల్చకపోతే ముక్కలు చెల్లవు. శివజ్యోతి లెక్క మొదలుపెట్టింది. ఒకటి. నడుమ చీరకొంగు సర్దుకుంది. రెండు. పొద్దుటినుంచి తూటాల్లా ముక్కలు పంచిన మనిషికి అంకెలు బరువెక్కాయి.

గాబ్రియేలు చేతి గడియారం చూసుకుంటూ విసుక్కున్నాడు. "ముప్పై అంటాండావు, నా వాచీలో అరవై దాటి ఇరవై అయింది. బడికి పోయినావా తల్లీ?"

మహాదేవికి ఇక అనుమానం మిగలలేదు. ఆటోలో ఈరన్న చెవి కింద సూది గుచ్చిన వేళ్ళు ఏవో కూడా తెలిసింది. మిగతా ఆటగాళ్ళు గొణిగారు. శివజ్యోతికి దారిలేక రంగస్వామి ముక్కలు లాగేసి కొత్త ఆట పంచింది. అతని రెండువేల ఐదువందలూ నడుమకు వెళ్ళాయి. మహాదేవి తప్ప అందరూ తప్పుకున్నారు. ముక్కలు తిరిగాయి. అతనికి రాజు, నాలుగు. ఆమెకు జత తొమ్మిదులు.

నడుమ ముక్కలు ఒక్కొక్కటీ పడ్డాయి. రెండు. ఏడు. ఆసు. తర్వాత జాకీ. రెండో టేబుల్‌లో బస్సుల ఓనరు అప్పుడే "పిలుస్తున్నా" అన్నాడు. ఇక్కడ చివరి ముక్క తిరిగింది. మూడు.

రాజుకూ నాలుగుకూ జత కుదరలేదు. రంగస్వామి ఆట అయిపోయింది.

చప్పట్లు కొట్టారు. అతను లేచి, ఆచారం ప్రకారం, కుడిచేత్తో రాయి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ముఖం మరీ ప్రశాంతంగా ఉంది. అంత ప్రశాంతంగా ఎందుకు ఉండాలి?

మహాదేవి రాయిని కింది పెదవికి ఆనించింది. తుగ్గలి చేలల్లో ఏరేవాళ్ళందరూ దొరికిన రాయిని ముందు అలాగే చూస్తారు. రాయైతే చల్లగా తగులుతుంది, గాజుపెంకో ప్లాస్టిక్కో అయితే తేడా పెదవికి తెలిసిపోతుంది. ఇది చల్లగా ఉంది. నిజమైన రాయి. అంటే ఇది గార్డు కాదు. లోపల కార్డు పెట్టి పోతపోసిన రాయి ఎక్కడో ఉంది, లేచేటప్పుడు మార్చేశాడు.

చూపు తిప్పేసరికి ముక్కల కట్ట టేబుల్ మీద ఉంది, శివజ్యోతి లేదు. ఆకుపచ్చ చీర రెండో టేబుల్ వైపు నడుస్తోంది, పిడికిలి బిగించి. అసలు రాయి ఆ పిడికిట్లోనే ఉంది. అక్కడ కార్ల్ అప్పటికే చేయి చాపాడు, టేబుల్ కింద రెండో చేతిలో నల్లటి డబ్బా.

"ఉప్పు లేకుండా మజ్జిగ," అని హాలు దద్దరిల్లేలా అరిచింది మహాదేవి.

బసవరాజ్ చేయి నడుముకు పోయింది. గాబ్రియేలు బెదిరి లేవబోయి కుర్చీతో సహా అతని మీదికే పడ్డాడు. వంటింటి తలుపు తెరుచుకుంది. యేసుప్రసాద్. స్విచ్చి వేశాడా, వేయలేదా? అతను శివజ్యోతి వైపే పరుగెత్తుతున్నాడు. ఆమెను అడ్డుకోవడానికా, ఆమె దగ్గర అందుకోవడానికా?

ఆమె పిడికిలికీ కార్ల్ అరచేతికీ నడుమ జానెడు దూరం ఉండగా, మజ్జిగ ముంచే ఇత్తడి గరిటె ఆ మణికట్టు మీద దిగింది. ఎముక చప్పుడు వినిపించింది. రాయి నేల మీద పడి దొర్లింది. మహాదేవి దాన్ని మడమతో తొక్కింది. పటుక్కున పగిలింది. పగిలిన పెంకుల నడుమ గోరంత నల్లటి కార్డు.

గేటు దగ్గర పొద్దుటినుంచి ఆగి ఉన్న నీళ్ళ ట్యాంకర్‌లో నీళ్ళు లేవు, పన్నెండుమంది ఉన్నారు. సరిగ్గా నలభై సెకన్లకు లోపలికి వచ్చారు. ఆ జిల్లాలో నీళ్ళ ట్యాంకర్‌ను ఎవరూ అనుమానించరు. రావడం ఆలస్యమైతే మాత్రం తిడతారు.

*

సాయంత్రానికి నలుగురికీ బేడీలు పడ్డాయి. రంగస్వామి అసలు పేరు వేరు, బుడ్డలు తినడమే తప్ప పండించినవాడు కాదు. శివజ్యోతి రెండు వైపులా పనిచేసి రెండు వైపులా నమ్మించింది. ఆ సంగతి ఈరన్న కనిపెట్టాడు, యేసుప్రసాద్‌కు చెప్పడానికే ఆ ఆటో ఎక్కాడు. బండి ఎక్కబోతూ ఆమె మహాదేవి ముందు ఆగింది.

"ఆర్డరు మీరి ఆడినావు. రాణులతో వాడు పిలిచి ఉంటే?"

"వాడు పిలవడు. వాడు వానకే లేవలేదు."

వరండా మెట్ల మీద యేసుప్రసాద్ మోకాలి మీద కాగితం పెట్టుకుని రిపోర్టు రాస్తున్నాడు. మహాదేవి పక్కన కూర్చుని ఒక గ్లాసు మజ్జిగ అతని ముందు పెట్టింది. ఉప్పు వేసింది. క్షమాపణ అడగడం ఆమెకు అంతవరకే వచ్చు. అతను తాగి, మూతి తుడుచుకుని, నన్ను ఎప్పటిదాకా అనుమానించినావని అడిగాడు. గరిటె దిగేదాకా అని నిజమే చెప్పింది. తర్వాత వీరభద్ర వాళ్ళమ్మకు ఏం చెప్తావని అడిగాడు.

"అన్నం తింటాండాడని చెప్తా."

అతను తలూపి మళ్ళీ కాగితం మీద వంగాడు. ఒకచోట పెన్ను ఆగింది.

"కొరియర్‌ను గుర్తుపట్టడానికి ఆధారం ఎవరని అడిగినారు అక్కా. ఏమని రాయల్ల?"

"వాన అని రాయి."

"అడ్రస్ కూడా అడుగుతారే."

మహాదేవి ముక్కల మీద పెట్టుకున్న విత్తనాన్ని మెట్ల పక్క తడిమట్టిలోకి వేలితో నొక్కబోయి, మట్టి ఒకసారి పిసికి చూసి, మళ్ళీ సంచిలో వేసుకుంది.

"ఈ సీమలో దానికి పర్మనెంట్ అడ్రస్ లేదని రాయి."